నూలు పోగంత నీహారిక

పోయిన మహాశివరాత్రికి మేము గుడిలో జాగారం చేయలేదు. బీదర్ బయట, మా బంధువుల కంది కోసిన చేనులో చేసినం. నేను, మా మనవడు, ఉడకబెట్టిన కందగడ్డల డబ్బా, రెండు గొంగళ్ళు, ఒక టెలిస్కోపు. అంతే మా సరంజామా.

బయలుదేరేటప్పుడు మా అల్లుడు వాకిట్ల నిలబడి ఒకటే మాట అన్నడు. "మామా, ఈ రాత్రితోని ఆఖరు. ఫోటో వస్తే సరే. రాకుంటే ఆ గొట్టం అమ్మి వాని పరీక్ష ఫీజు కడత."

అల్లుని కోపంలో తప్పు లేదు. రోజూ షిఫ్టు చేసి బస్సులో నిలబడి ఇంటికి వచ్చే మనిషి. కొడుకు డిగ్రీ రెండో ఏడు. ఫీజుకని ఇచ్చిన పైసలల్ల సగం పెట్టి పిల్లగాడు గోలీకాయంత అద్దం కొన్నడని తెలిస్తే ఏ తండ్రి ఊకుంటడు? ఆ అద్దం ఏంది, దానితోని మేము ఏం వెతికినం, ఏం దొరికింది, ఇదంతా మన పత్రిక చదివే ఇండ్లకు చెప్పాలని కూర్చున్న. నేను చదివింది నాలుగో తరగతి. తెలిసినంత వరకు రాస్తున్న. వాడు చెప్పింది, పుస్తకాలల్ల చూపించింది, నేను కండ్లార చూసింది కలిపి రాస్తున్న.

గొట్టం ఇంటికి వచ్చిన సంగతి

పిల్లగాడు రెండు ఎండాకాలం సెలవులు మందుల దుకాణంల పని చేసి కూడబెట్టిండు. తక్కువ పడ్డది నేను కలిపిన. హైదరాబాద్‌ల సెకండ్ హ్యాండ్‌కు దొరికింది. ఆరంగుళాల అద్దం ఉన్న టెలిస్కోపు, కింద మోటరు ఉన్న స్టాండు. భూమి తిరుగుతున్న కొద్దీ చుక్క జరిగిపోతది కదా, ఆ మోటరు గొట్టాన్ని చుక్క వెంబడి నెమ్మదిగా తిప్పుతది.

మొదటి నెల వాడలో పండగే. చందమామ మీది గుంతలు, శని ఉంగరం, గురుగ్రహం చుట్టూ నాలుగు చుక్కలు చూడటానికి పిల్లలు లైను కట్టిండ్రు. పెద్దలు కూడా "మాకు చూపియ్యి బిడ్డా" అని వచ్చిండ్రు. అప్పటిదాక అల్లునికి కూడా సంతోషమే. తర్వాత వీనికి నీహారికల మీద మనసు పోయింది. అందులో అన్నిటికంటే చిన్నవి, గ్రహ నీహారికలు. వాటిని ఫోటో తీయాలంటడు. అక్కడ మొదలైంది లొల్లి.

నేను వాని వైపు ఎందుకు నిలబడ్డనో చెప్పాలె. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం పట్టింది. హైదరాబాద్ దగ్గర జపాల్ రంగాపూర్ వేధశాలలో శాస్త్రవేత్తలు దాన్ని చూసి లెక్కలు రాసుకున్నరు. నాకప్పుడు ఇరవై ఏండ్లు, సోలాపూర్ మిల్లుల పని. మా చాళ్ళల్ల తలుపులు, కిటికీలు మూసుకున్నరు. నేను కూడా గొంగడి కప్పుకొని లోపల కూసున్న. సోలాపూర్‌ల సూర్యుడు పూర్తిగా మాయం కాలేదు గాని చాలా మటుకు తగ్గిండు. తలుపు సందులోంచి వచ్చిన వెలుగు ఒక తీరుగా మసకబారిన సంగతి ఇప్పటికీ యాదికున్నది. తలుపు మాత్రం తీయలేదు. అసుంటి గ్రహణం మళ్ళ నా బతుకుల రాలేదు. మనవడు ఆకాశం చూస్త అంటే వద్దనడానికి నాకు నోరు రాలేదు.

గ్రహ నీహారిక అంటే గ్రహం కాదు

పేరు చూసి మోసపోవద్దు. గ్రహ నీహారికకు గ్రహాలతోని ఏ సంబంధం లేదు. ఆ పేరు పెట్టినాయన విలియం హెర్షెల్. ఇంగ్లండులో సంగీతం చెప్పుకొని బతికిన మనిషి. టెలిస్కోపు అద్దాలు సొంతంగా చేతితో అరగదీసుకునేవాడు. అద్దం మీద చెయ్యి తీస్తే మెరుగు చెడిపోతదని గంటల తరబడి ఆపకుండ రుద్దుతుంటే, చెల్లెలు కరొలిన్ పక్కన కూసొని ముద్దలు నోట్లో పెట్టేదట. ఆ అద్దాలతోనే 1781లో యురేనస్ గ్రహాన్ని కనిపెట్టిండు. తర్వాత కొన్ని మసక బిళ్ళలు కనపడ్డయి. చిన్నగా, గుండ్రంగా, లేత పచ్చగా, అచ్చం యురేనస్ లెక్క. అందుకే గ్రహాల వంటి నీహారికలు అన్నడు. పేరు నిలబడిపోయింది.

అసలు సంగతి ఇది. మన సూర్యుని వంటి నక్షత్రం ముసలిదైనంక లోపలి ఇంధనం తగ్గి ఉబ్బుతది, ఎర్రబడుతది. పై పొరలు మెల్లగా ఊడి చుట్టూ ఆకాశంలకు పోతయి. బ్లో రూమ్‌ల దూది బేలు విప్పినప్పుడు పొరలు పొరలుగా ఎగిరినట్టు అనుకోండి. నడుమ మిగిలిన గింజ చిన్నది, కాని మహా వేడి. దాని నుంచి కంటికి కనపడని అతినీల కిరణాలు వచ్చి, ఊడిపోయిన వాయువుకు తగిలి, ఆ వాయువు వెలుగుతది. ఆ వెలుగే మనకు కనిపించేది. ఈ వెలుగు పది ఇరవై వేల ఏండ్లకు మించి ఉండదు. నక్షత్రం వయసు కోట్ల ఏండ్లలో లెక్క కాబట్టి, ఇది దానికి ఒక్క పూట కింద లెక్క. మన సూర్యునికి కూడా ఇంకా సుమారు 500 కోట్ల ఏండ్లకు ఈ దశ వస్తదంటరు.

వాయువు వెలుగుతదని ఎట్ల తెలిసింది? 1864లో విలియం హగ్గిన్స్ అనే ఆయన పిల్లికన్ను అని పిలిచే గ్రహ నీహారిక వెలుగును గాజు పట్టకం గుండ పంపి చూసిండు. నక్షత్రమైతే ఇంద్రధనుస్సు లెక్క అన్ని రంగులు రావాలె. ఇక్కడ మాత్రం ఒకటి రెండు సన్నని పచ్చ గీతలు వచ్చినయి. ఆ పచ్చ గీతలు ఏ మూలకానివో అరవై ఏండ్లకు పైగా ఎవరికీ అంతుపట్టలేదు. కొత్త మూలకం అనుకొని నెబ్యూలియం అని పేరు కూడా పెట్టిండ్రు. 1927లో ఐరా బోవెన్ అనే అమెరికా శాస్త్రవేత్త తేల్చిండు. కొత్తది ఏమీ కాదు, మనం పీల్చే ఆక్సిజనే. రెండు ఎలక్ట్రాన్లు పోగొట్టుకొని, చాలా పలచని చోట ఉన్నప్పుడు ఆ పచ్చ వెలుగు ఇస్తది.

ఈ ముచ్చట ఫోటో తీసేవానికి చాలా అక్కరకొస్తది. వెలుగు అంతా రెండు మూడు రంగుల్లోనే ఉంటది కాబట్టి, ఆ రంగులనే వదిలే ఫిల్టరు పెడితే వీధిలైట్ల వెలుగు చాలా వరకు ఆగిపోతది. పట్నం నడుమ ఉన్న మన బస్తీల నుంచి కూడా ఈ నీహారికలు దొరుకుతయి. గెలాక్సీలకు ఆ అదృష్టం తక్కువ.

మన పాత నిజాం ఇలాకాలో

ఆకాశం చూసుడు మన తావుకు కొత్త కాదు. బీదర్‌ల మహమూద్ గవాన్ మదర్సా 1472లో కట్టింది. సగం కూలినా మిగిలిన మీనారు మీద ఇప్పటికీ నీలి, పచ్చ పెంకులు కనిపిస్తయి. అక్కడ మతం, లెక్కలతో పాటు ఖగోళం కూడా చెప్పేవారంటరు.

బీదర్ నిజాం రాజ్యంల ఉన్న రోజుల్ల, 1901లో, నవాబ్ జఫర్ జంగ్ హైదరాబాద్ ఫిసల్‌బండల సొంత వేధశాల పెట్టిండు. ఆయన పోయినంక 1908లో సర్కారు తీసుకున్నది. తర్వాత బేగంపేటకు మారింది. నిజామియా వేధశాల అంటే అదే. 1887లో పారిస్‌ల దేశదేశాల వాళ్ళు కూడి మొత్తం ఆకాశాన్ని ఫోటోలుగ తీయాలని పంచుకున్న పని ఒకటి ఉన్నది. అందులో దక్షిణంగా 17 డిగ్రీల నుంచి 23 డిగ్రీల దాక ఉన్న పట్టీ హైదరాబాద్ వంతుకు వచ్చింది. 1918 నుంచి 1944 దాక డైరెక్టరుగ ఉన్న టి.పి. భాస్కరన్ కాలంల ఆ పని చాలా నడిచింది. గాజు పలకల మీద ఫోటో తీసి, దాని మీద 5 మిల్లీమీటర్ల గళ్ళు అచ్చు వేసి, ప్రతి చుక్క ఏ గడిలో ఎక్కడ ఉన్నదో భూతద్దం కింద కొలిచి రాసిండ్రు. పడుగు పేకల నడుమ పోగు లెక్కపెట్టినట్టే.

ఆ వేధశాలలో పనిచేసిన ఒకాయన కొడుకే వైను బప్పు. హైదరాబాద్‌ల పెరిగి, నిజాం కాలేజీల చదివి, 1949లో అమెరికాల ఫోటో పలక మీద కొత్త తోకచుక్కను పట్టిండు. తమిళనాడు కావలూరులో ఉన్న పెద్ద టెలిస్కోపుకు ఆయన పేరే పెట్టిండ్రు.

ఆ పంపకం పనికి పెట్టుకున్న కొలత ఒక ఆర్క్ నిమిషానికి ఒక మిల్లీమీటరు. హైదరాబాద్ పట్టీలోనే గురుగ్రహ భూతం అని పిలిచే ఒక గ్రహ నీహారిక ఉన్నది, ఎన్.జీ.సీ. 3242. గురుగ్రహం అంత సైజులో మసకగా కనపడుతది కాబట్టి ఆ పేరు. దాని వెడల్పు సుమారు 40 ఆర్క్ సెకన్లు. ఆ కొలతన గాజు పలక మీద ఒక మిల్లీమీటరు కూడా రాదు. ఆవగింజ కంటే చిన్నది. చుక్క ఎక్కడ ఉందో రాసుకోవడానికి ఆ కొలత సరిపోతది. ముఖం చూడాలంటే సరిపోదు.

ముప్పై కౌంటు పోగు

ఈ ఆర్క్ సెకన్లు ఏందో ఒకసారి చెప్త. ఆకాశంల నిండు చందమామ వెడల్పు అర డిగ్రీ. డిగ్రీకి 60 నిమిషాలు, నిమిషానికి 60 సెకన్లు. అంటే చందమామ 1,800 సెకన్లు. మా మనవడు పట్టుకోవాలనుకున్న ఎన్.జీ.సీ. 2392 వెడల్పు సుమారు 48 సెకన్లు. చందమామను దాదాపు 38 ముక్కలు చేస్తే అందులో ఒక ముక్క.

దీన్ని 1787లో హెర్షెల్ చూసిండు. బొచ్చు టోపీ పెట్టుకున్న ముఖం లెక్క ఉందని ఎస్కిమో నీహారిక అన్నరు. ఆ పేరు అక్కడి మంచు దేశాల మనుషులను చిన్నచూపు చూసిన రోజులది అని 2020లో నాసా ఆ పేరు వాడుడు మానుకున్నది. "మిల్లోళ్ళు" అని ముక్కు చిట్లించి పిలిపించుకున్న మనకు ఆ సంగతి తొందరగా అర్థమైతది. నంబరుతోనే పిలుద్దాం.

మా టెలిస్కోపు నాభి దూరం 750 మిల్లీమీటర్లు. అందులోంచి ఈ నీహారిక కెమెరా లోపలి చిప్పు మీద పడితే, బొమ్మ వెడల్పు 0.17 మిల్లీమీటరు. మనవడు లెక్క చెప్పగానే నాకు నవ్వు వచ్చింది. అది ముప్పై కౌంటు నూలు పోగు లావు. నలభై ఏండ్లు ఏ పోగు వెంబడి తిరిగిన్నో, ఆకాశంలకెళ్ళి వచ్చి మళ్ళ అదే పోగు నా ముందర పడ్డది.

మా కెమెరాల ఒక్కో పిక్సెల్ 2.9 మైక్రాన్లు. ఉత్త టెలిస్కోపుతో తీస్తే నీహారిక వెడల్పుకు 60 పిక్సెల్లు వస్తయి. ఫోన్ తెర మీద చూస్తే పెసరగింజంత మచ్చ. లోపల ఏమున్నదో తెలవదు. అందుకే వాడు బార్లో అద్దం కొన్నడు.

అద్దం పోగును పుట్టించదు

బార్లో అంటే పీటర్ బార్లో. 1830లలో ఇంగ్లండుల లెక్కల పంతులు. టెలిస్కోపు నుంచి వచ్చే వెలుగు ఒకచోట కలిసే ముందర ఒక లోవంపు అద్దం పెడితే ఆ వెలుగు ఇంకా దూరం పోయి కలుస్తది. నాభి దూరం పెరిగినట్టు అయితది, బొమ్మ పెద్దదైతది. రెండింతలది, మూడింతలది, ఐదింతలది దొరుకుతయి. గోలీకాయంత అద్దం అని చెప్పింది దీని గురించే.

పిల్లగాడు మూడింతలది తెచ్చిండు. పెద్దదైతే మంచిదే కదా అనుకున్నడు. డిసెంబరుల నాలుగు రాత్రులు మిద్దె మీద తీసిండు. వచ్చింది ఏంది? బూడిద రంగు మరక. పెద్ద మరక. తల్లి చూసి, "వాకిట్ల ముగ్గు చెరిగినట్టున్నది గదరా" అన్నది. వాడు రెండు రోజులు అన్నం సరిగ తినలేదు.

అప్పుడు నేను నా పాత పెట్టెల నుంచి పిక్ గ్లాస్ తీసిన. సాంచాల మీద పని చేసినోళ్ళకు చెప్పనక్కర లేదు. మడత పెట్టే చిన్న ఇత్తడి చట్రం, పైన అద్దం, కింద కొలిచిన గుంట. బట్ట మీద పెట్టి అంగుళానికి పడుగు ఎన్ని, పేక ఎన్ని అని లెక్కపెడతం. వాని చేతికి ఇచ్చి నా ధోవతి అంచు చూడమన్న. కనపడ్డది. దాని మీద ఇంకో భూతద్దం పట్టి చూడమన్న. పోగులు లావైనయి, కాని మసకైనయి, చీకటైనయి.

"పోగులు పెరిగినయా?"

"లేదు తాతా."

"అద్దం ఉన్న పోగును చూపిస్తది. లేని పోగును పుట్టించదు. నీ గొట్టం ఎన్ని పోగులు చూపగలదో ముందు అది లెక్కపెట్టు."

వాడు కూసొని లెక్క వేసిండు. ఆరంగుళాల అద్దం ఎంత మంచి రాత్రి అయినా 0.8 సెకను కంటే సన్నని వివరం విడదీయలేదు. మన మీది గాలి అల్లాడుతుంటది కాబట్టి మామూలు రాత్రి రెండు సెకన్ల దాక మసక అయితది. ఉత్త టెలిస్కోపుతో ఒక పిక్సెల్‌కు 0.8 సెకను. అది కొంచెం మొరటు. రెండింతల బార్లోతో 0.4. ఒక వివరానికి రెండు పిక్సెల్లకు తక్కువ కాకుండ వస్తయి, చాలు. మూడింతలదానితో 0.27. అక్కడ కొత్తగా దొరికే వివరం ఏమీ లేదు.

పోయేది మాత్రం ఉన్నది. బొమ్మ రెండింతలు పెరిగితే అదే వెలుగు నాలుగింతల జాగాల పరుచుకుంటది. ఒక్కో పిక్సెల్‌కు నాలుగో వంతే. మూడింతలైతే తొమ్మిదో వంతు. తొమ్మిది మంది తినేకాడ ఒక్కని అన్నం పెట్టినట్టు. మామూలు నీహారికలు ఈ దెబ్బకు తట్టుకోలేవు. గ్రహ నీహారికలు చిన్నవి గాని వెలుగు దగ్గరగా కుదించి ఉంటది, అందుకే రెండింతలకు నిలబడతయి. దుకాణదారును బతిమాలి మూడింతలది ఇచ్చి రెండింతలది తెచ్చుకున్నడు. కొంత నష్టమైంది. ఆ నష్టమే అల్లుని కంట పడ్డది.

వేడి, ఊపు, గురి

రెండింతలది పెట్టినా జనవరిల బొమ్మ సరిగ రాలేదు. మూడు తప్పులు దొరికినయి. ఎవరన్నా ఈ పనికి దిగితే అక్కరకొస్తయని రాస్తున్న.

మొదటిది వేడి. మా మిద్దె సిమెంటు స్లాబు. పగలంత ఎండ తాగి రాత్రంత వేడి వదులుతది. పొయ్యి మీది గాలిలోంచి చూస్తే అవతలి గోడ ఊగినట్టు, చుక్క ఊగుతది. మట్టి నేల మీదికి పోవాలె. గొట్టాన్ని గంట ముందే బయట పెట్టాలె, లోపలి అద్దం చల్లబడాలె.

రెండోది ఊపు. మిద్దె మీద ఎవరన్నా నడిచినా, కింద ఇంట్ల మోటరు వేసినా చుక్క గీత అయితది. పెద్దది చేస్తే ఊపు కూడా అంతే పెద్దదైతది. సాంచ పునాది వదులైతే పేక ఎట్ల పాడైతదో మనకు తెలిసిందే. స్టాండు నడుమ ఇటుకల సంచి వేలాడగట్టినం. మూడు కాళ్ళ కింద రాతి పలకలు పెట్టినం.

మూడోది గురి. మోటరు సరిగ తిరగాలంటే దాని ఇరుసు ధ్రువ నక్షత్రం వైపు చూడాలె. బీదర్‌ల ధ్రువుడు నేల నుంచి 18 డిగ్రీల ఎత్తులనే ఉంటడు. మా మిద్దె మీద నుంచి చూస్తే పక్కింటి నీళ్ళ ట్యాంకు అడ్డం. ఇన్ని రోజులు అంచనాతో పెడుతున్నడు. చేనులో ఉత్తరం వైపు అడ్డం లేదు.

ఇంకోటి, ఫోటో తీసే పద్ధతి. నిమిషాల తరబడి ఒకే ఫోటో తీస్తే నడిమి నక్షత్రం తెల్లగా ఉబ్బి లోపలి అల్లికను మింగేస్తది, గాలి ఊపు అంతా అందులో కలిసిపోతది. అట్ల కాకుండ నాలుగు సెకన్లవి వందల కొద్దీ తీయాలె. గాలి అల్లాడినవి పక్కన పడేయాలె. బాగున్నవి ఒకదాని మీద ఒకటి పేర్చాలె. ఆ పేర్చే సాఫ్ట్‌వేర్ ఉచితంగనే దొరుకుతది, సిరిల్, ఆటోస్టాకర్ట్ అని. ఒక్క ఫోటోల ఉన్న గరగర, 100 పేరిస్తే పదో వంతుకు తగ్గుతది. మూత పెట్టి తీసిన చీకటి ఫోటోలు కొన్ని తీసి, కెమెరా సొంత మచ్చలను అందులోంచి తీసేయాలె. మడత ఖాతాల బట్ట పరిచి లోపాలున్నవి వేరు చేసే పని చేసినోన్ని నేను. ఈ ఏరుడు నాకు వింత అనిపియ్యలేదు.

ఆ రాత్రి

శివరాత్రి అంటే అమావాస్యకు ముందర రాత్రి. చందమామ వెలుగు బాధ లేదు. ఎన్.జీ.సీ. 2392 మిథున రాశిలో ఉన్నది. ఆ రోజుల్ల రాత్రి తొమ్మిదిన్నర ప్రాంతంల బీదర్‌కు దాదాపు నడినెత్తికి వస్తది. ఎత్తుల ఉన్న కొద్దీ నడుమ గాలి తక్కువ, బొమ్మ స్థిరం. కాని సరిగ్గ నెత్తి మీదికి వస్తే మా గొట్టం స్టాండు కాలికి తగులుతది. కాబట్టి ఎనిమిదికి మొదలు పెట్టి తొమ్మిది ఇరవైకి ముగించాలని అనుకున్నం. నాలుగు సెకన్లవి 1,200 ఫోటోలు. ఎనభై నిమిషాలు.

నడుమ రెండుసార్లు గాలి లేచింది. నేను గొంగడి పట్టుకొని గాలి వైపు అడ్డం నిలబడ్డ. మోకాళ్ళు గుంజినయి. పిల్లగాడు, "తాతా, కూసో, నేను పట్టుకుంట" అంటే, "నువ్వు తెర చూడు" అన్న. ఎక్కడో దూరంగా గుడి మైకుల భజన వినపడుతున్నది. అడుగు కదిపితే చుక్క కదులుతదని మేము కట్టెల లెక్క ఉన్నం.

పన్నెండు దాటినంక గురుగ్రహ భూతం దక్షిణంల పైకి వచ్చింది. గుళ్ళల్ల లింగోద్భవ పూజ వేళ. మన పాత హైదరాబాద్ పట్టీలోని నీహారిక అని నాకు దాని మీదనే ఎక్కువ ఆశ. గాలి మాత్రం అప్పుడే పెరిగింది. అందులో పనికొచ్చేవి పది కూడా రాలేదు. కోడిగుడ్డు లెక్క సాగిన మచ్చ ఒకటి మిగిలింది. వచ్చే ఏడుకు బాకీ.

తెల్లారి ఇంటికి వచ్చినంక పిల్లగాడు పండుకోలేదు. దోస్తు దగ్గర ల్యాప్‌టాప్ తెచ్చి 1,200లో 600 ఏరి పేర్చిండు. మధ్యాహ్నానికి బొమ్మ వచ్చింది. తెర మీద అడ్డంగా 120 పిక్సెల్లు. లేత నీలి పచ్చ బిళ్ళ. లోపల ఒక ప్రకాశమైన గుండ్రని చుట్టు, దాని బయట పలచని కుచ్చులు కుచ్చుల అంచు. నట్టనడుమ సూది మొనంత తెల్లని చుక్క. బిద్రీ పనివాడు నల్లటి పళ్ళెంల వెండి తీగ కొట్టి కూసోబెట్టినట్టు. మా బిడ్డ అదే మాట అన్నది.

సాయంత్రం అల్లుడు వచ్చిండు. ఫోన్ చేతికి ఇచ్చినం. చూసిండు.

"గింతనేనా? గింతదానికి మూడు నెలలా?"

ఎవరం మాట్లాడలేదు. కాళ్ళు కడుక్కొని వచ్చి మళ్ళ ఫోన్ తీసుకున్నడు. వేళ్ళతోని పెద్దగ చేసి చూసిండు.

"నడుమ ఈ చుక్క ఏందిరా?"

"అది ఆ నక్షత్రమే బాపూ. మిగిలిన గింజ. ఈ చుట్టూ ఉన్నదంతా దాని నుంచి ఊడిపోయిందే."

"మరి ఇంకా వెలుగుతున్నది గద."

"దాని వెలుగుతోనే ఇదంతా కనపడుతున్నది బాపూ."

అల్లుడు ఇంకేం అనలేదు. చాయ తాగి, లేచేటప్పుడు అన్నడు. "గొట్టం అటుక మీద పెట్టు. పరీక్షలు అయినంక దించు." పరీక్ష ఫీజు నేను పింఛను పైసలల్ల కట్టిన. ఎండాకాలం మళ్ళ మందుల దుకాణంల పని చేసి తిరిగి ఇస్త అన్నడు. ఇయ్యాలె మరి, లెక్క లెక్కే.

మన ఇండ్లల్ల

టెలిస్కోపు కొనమని నేను ఎవరికీ చెప్పను. అప్పు చేసి మాత్రం అస్సలు కొనొద్దు. ఉత్త కండ్లతోని మొదలు పెట్టండి. పిల్లలకు నక్షత్రాల పేర్లు మన ఇండ్లల్లనే ఉన్నయి. అశ్విని, కృత్తిక, మృగశిర, శ్రవణం అని పంచాంగం చదివేటప్పుడు రోజూ వింటం, ఆకాశంల ఎక్కడున్నయో ఒక్కసారి చూపిస్తే చాలు. కలబురగిల జిల్లా విజ్ఞాన కేంద్రం ఉన్నది. హైదరాబాద్‌ల బిర్లా ప్లానెటేరియం ఉన్నది. పెండ్లికో పేరంటానికో పోయినప్పుడు ఒక పూట పిల్లలను తీసుకపోండి. టెలిస్కోపు ఉన్న ఇంటోళ్ళకు ఒక మాట: దాని నుంచి సూర్యుని వైపు ఎప్పుడూ చూడొద్దు, పిల్లలను ఒంటరిగ పగలు దాని దగ్గర విడవొద్దు. ఒక్క క్షణంల కన్ను పోతది.

పిల్లలు ఏదన్నా పనికిరాని పని మీద పడ్డరని అనిపిస్తే, కోపానికి ముందర ఒకసారి పక్కన కూసొని చూడండి. మనం పొట్ట కోసం నేర్చుకున్న పని వాళ్ళకు ఎక్కడ అక్కరకొస్తదో మనకే తెలవదు. నా పిక్ గ్లాస్ ఇరవై ఏండ్లు పెట్టెల ఉండి, ఆకాశం కాడ పనికొచ్చింది.

పరీక్షలు అయినంక, మే నెలల గొట్టం దించుతం. ఆ రోజుల్ల అర్ధరాత్రి దాటినంక అభిజిత్తు నక్షత్రం ఈశాన్యంల బాగా పైకి వస్తది. దాని పక్కనే ఉంగరం నీహారిక ఉన్నది, సుమారు 2,500 కాంతి సంవత్సరాల దూరంల. మా మిల్లు దోస్తులకు రింగ్ అంటే రింగ్ ఫ్రేమే యాదికొస్తది, ఈ రింగు కూడా ఒకసారి చూడాలె. బీదర్ దిక్కు వచ్చేవాళ్ళు ఎవరన్నా రండి. గొంగడి మీరే తెచ్చుకోవాలె. చాయ మా ఇంటిది.